ఎక్కిన గేరులోనే దిగాల: నల్లమల నుంచి గువ్వలచెరువు దాకా నాలుగు రోజులు

జనవరి మొదటి వారంలో నేను శ్రీశైలం దగ్గర సున్నిపెంట బళ్ళో చేరాలి. బదిలీ కాగితం చేతికొచ్చిన సాయంత్రం నాయన అడిగింది ఒకే మాట. "బస్సులో పోతావా పాపా, కారులోనా?"

పిల్లలు కర్నూల్లో అమ్మ దగ్గరే ఉంటారు. సోమవారం పోయి శనివారం రావాలంటే కారే నయం. మా వ్యాగనార్ పాతది, గేర్ల బండి. కర్నూలు వీధుల్లో, హైవే మీద నాలుగేళ్ళుగా నడుపుతున్నాను. ఘాట్ రోడ్డు మీద మాత్రం ఒక్కసారీ నడపలేదు. అందులోనూ ధనుర్మాసం, నల్లమలలో పొద్దున్నే మంచు కమ్మే కాలం.

నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కర్నూలు నుంచి శ్రీశైలం సర్వీసు ఏళ్ళ తరబడి తోలినాడు. చక్కెర జబ్బుతో కంటి చూపు మందగించాక స్టీరింగు ముట్టలేదు. "నాలుగు రోజులు సెలవు పెట్టు, పోదాం. ఒక ఘాట్ సాలదు, రెండు మూడు జూడాల" అన్నాడు. పాత ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక చెక్క దిమ్మె తీసి డిక్కీలో వేశాడు. తుమ్మ చెక్క, ముక్కోణంగా చెక్కింది, ఒక అంచు అరిగి నల్లబడింది. ఆయన బస్సు చక్రం కింద పెట్టిన దిమ్మె అది.

మొదటి రోజు: కర్నూలు – ఆత్మకూరు – శ్రీశైలం

పొద్దున అయిదున్నరకు బయలుదేరాం. బండి మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కబోతుంటే నాయన నా మోకాలి మీద చెయ్యేశాడు. చలికి ఆయిలు చిక్కబడి ఉంటుంది, అది ఇంజను పైదాకా ఎక్కేలోపు రైజ్ చేస్తే లోపల ఇనుము ఇనుముతో రాచుకుంటుంది. అర నిమిషం ఊరికే ఆడనిచ్చి, మొదటి నాలుగైదు కిలోమీటర్లు మెత్తగా పోనివ్వమన్నాడు. గేరు కూడా గట్టిగానే పడింది. గేరుబాక్సులో ఆయిలు వేడెక్కాక దానంతట అదే సర్దుకుంది.

పెట్రోలు బంకులో గాలి చూపిస్తే నాలుగు టైర్లలోనూ కొద్దిగా తక్కువుంది. చలికి గాలి ముడుచుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం చూస్తే సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు చూసిందే అసలు లెక్క.

నందికొట్కూరు దాటాక రెండు వైపులా నల్లరేగడి చేలల్లో పప్పుశనగ, వాటి మీద మోకాలెత్తు పొగమంచు. ఆత్మకూరులో ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. ఆ ఊరు దాటితే అడవి. బైర్లూటి దగ్గర్నుంచి టేకు చెట్లు రోడ్డుకు దగ్గరగా జరుగుతాయి. ఇదంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రిళ్ళు బండ్లను ఆపేస్తారు, పగలైనా వేగంగా పోనివ్వరు. రోళ్ళపెంట దగ్గర మొదటి మలుపులొచ్చాయి.

నేను థర్డ్ గేరులో మలుపులోకి దూరాను. సగంలో ఇంజను మూలగడం మొదలుపెట్టింది. క్లచ్ తొక్కి సెకండ్ వేద్దామనుకునేసరికి బండి ఊపు చచ్చిపోయింది. వెనక లారీ హారన్ కొట్టింది. ఎలాగో ఎక్కించాను గానీ చేతులు చెమటలు పట్టాయి.

"మలుపు కనపడంగానే గేరు దించాల. మలుపు లోపల చెయ్యి స్టీరింగు మీదే ఉండాల, గేరు కడ్డీ మీదికి పోకూడదు" అన్నాడు నాయన. రోజంతా ఆయన నేర్పిన వాటిలో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఈ మాటే. తర్వాతి మలుపుకు ముందే సెకండ్‌లో పడేశాను. ఇంజను గొంతు మారింది, మూలుగు పోయి గట్టిగా, ఒకే శ్రుతిలో లాగింది. ఎక్కడం బాగా ఏటవాలుగా ఉన్నచోట ఏసీ ఆపించాడు. చిన్న ఇంజనుకు ఆ బరువు కూడా బరువే.

దోర్నాల నుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లు. ఈ తోవలో ఒకచోట ముందు బస్సు ఆగిపోయింది. కోతుల గుంపు రోడ్డు మీద కూర్చోనుంది, బస్సులోంచి ఎవరో బొరుగులు విసురుతున్నారు. (దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. తిండి కోసం రోడ్డెక్కిన కోతి మలుపులో బండి కింద పడుతుంది, లేదంటే దాన్ని తప్పించబోయిన మనిషి లోయలో పడతాడు.) నా కారు నిటారు ఎక్కడంలో ఆగింది. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదికి కాలు మార్చేలోపు కారు వెనక్కి జారింది. అడుగో, అడుగున్నరో, అంతే. వెనక ఇంకో కారు ఉంది.

నాయన అరవలేదు. హ్యాండ్‌బ్రేకు తనే లాగి, దిగి, డిక్కీలోంచి దిమ్మె తెచ్చి వెనక చక్రం కింద తోశాడు. కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "ఇప్పుడు బండి యాడికీ పోదు. నీ ఇష్టమొచ్చినన్ని సార్లు ఆపు, మళ్ళీ ఎత్తు" అన్నాడు. వెనకబడ్డ కార్లను చేతితో పక్కనుంచి పొమ్మని పంపించాడు.

హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది. ఫస్ట్ గేరు. క్లచ్ మీది కాలిని గోరంత గోరంత లేపుతుంటే ఒకచోట ఇంజను చప్పుడు బరువెక్కుతుంది, బానెట్ ముక్కు రవ్వంత పైకి లేస్తుంది. కారు ముందుకు పోవాలని చూస్తోంది, హ్యాండ్‌బ్రేకు పట్టుకొని ఆపుతోంది. కాలు అక్కడే నిలపాలి. ఇంకో కాలితో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించాలి. బండి వెనక్కి వెంట్రుకవాసి కూడా జరగకుండా కదులుతుంది. మొదటి రెండు సార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి కదిలింది. ఆరోసారికి దిమ్మె తీసేశాడు.

క్లచ్, యాక్సిలరేటర్ రెండూ తొక్కి బండిని ఎక్కడంలో నిలబెట్టేవాళ్ళను చూస్తుంటాం. నేనూ ఫ్లైఓవర్ల మీద అదే చేసేదాన్ని. అలా నిలబెట్టిన ప్రతి నిమిషం క్లచ్ ప్లేటు అరిగే నిమిషం. ఆగితే హ్యాండ్‌బ్రేకు, కదిలితే క్లచ్, రెండింటికీ నడుమ ఏమీ లేదు.

శిఖరం దగ్గర ఆగాం. శ్రీశైలం తోవలో ఎత్తయిన చోటు ఇదే. నంది దగ్గర నువ్వులు పోసి, కొమ్ముల మధ్య నుంచి దూరంగా ఆలయ గోపురం చూస్తారు. నాయన కళ్ళకు గోపురం కనపడలేదు. చెయ్యి పట్టుకొని ఆ దిక్కు చూపించాను. దండం పెట్టుకున్నాడు.

రెండో రోజు: శ్రీశైలం – దోర్నాల – నంద్యాల

దర్శనం రాత్రే అయింది. పొద్దున ఏడుకు గది తలుపు తీస్తే ఎదురుగా ఉన్న సత్రం గోడ కూడా లేదు, అంతా తెల్లగా ఉంది.

ఎండొచ్చేదాకా ఉందామన్నాను. నాయన ఒప్పుకోలేదు. "సోమవారం బడి గంట కొట్టేలోపు నువ్వు ఉండాల. మంచు ఉండాదని ఆగుతావా? నా పక్కన ఉన్నప్పుడే ఇదీ చూడు." ఒక షరతు పెట్టాడు: నాకు భయమేసిన క్షణం చెప్పాలి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎడమకు పూర్తిగా దిగి ఆగాలి, రోడ్డు మీద మాత్రం ఆగకూడదు.

శిఖరం దాటాక మంచు ఇంకా చిక్కబడింది. నేను హెడ్‌లైట్లు హైబీమ్ వేశాను, ముందు తెల్లగోడ లేచింది. మంచంటే గాలిలో తేలే నీటి తుంపర్లే, వెలుతురు వాటికి తగిలి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. లోబీమ్‌కు మార్చగానే గోడ కరిగి, పదీ పదిహేను అడుగుల రోడ్డు కనబడింది. ఎడమ అంచు తెల్లగీత ఒక్కటే ఆధారం. నడి గీత పట్టుకొని పోతే ఎదురొచ్చేవాడూ అదే పట్టుకొని వస్తుంటాడు. నాలుగు ఇండికేటర్లూ వేసుకొని పోతున్న ఒక కారు మమ్మల్ని దాటింది. బండి ఆగిపోయినప్పుడు వెయ్యాల్సినవి అవి. నడుస్తూ వేస్తే కుడికి తిరుగుతాడో ఎడమకు తిరుగుతాడో వెనకున్నవాడికి తెలియదు.

ఇంతలో అద్దం లోపలి నుంచి మసకబారింది. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పట్టింది. మా ఇద్దరి ఊపిరి తేమే అది. బయటి గాలి వచ్చే మీట తిప్పి, వేడి పెట్టి, దాంతోపాటు ఏసీ కూడా వేస్తే నిమిషంలో అద్దం శుభ్రపడింది. చలిలో ఏసీ ఎందుకని నేను ఏనాడూ వెయ్యలేదు. ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది, చలికాలంలో దాని అసలు పని అదే.

నాయన తన వైపు కిటికీ నాలుగు వేళ్ళు దించాడు. చలి గాలి చెవులు కోసింది. ఆయన తల కిటికీ వైపు వంచి వింటున్నాడు. "నాకెట్లా కనపడదు. ఇప్పుడు నీకూ కనపడదు. ఇనాల." రెండు మలుపుల తర్వాత, "బస్సొస్తాంది, ఎక్కుతాంది, సెకండ్‌లో ఉండాడు" అన్నాడు. నాకేమీ వినబడలేదు. అయినా ఆపి ఎడమకు జరిగాను. కాసేపటికి మంచులోంచి ముందు ఇంజను మోత, తర్వాత రెండు పసుపు చుక్కలు, ఆ తర్వాత బస్సు మొహం. ఇరుకు రోడ్డు మీద ఎక్కే బండికే దోవ ఇవ్వాలి, దిగేవాడు ఆగాలి. కొండ రోడ్డుకు చట్టంలోనే రాసిన నియమం ఇది. దిగేవాడు ఆగితే మళ్ళీ కదలడం సుళువు, ఎక్కేవాడు ఆగితే నిన్న నాకైనట్టే అవుతుంది. బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. నాయన కూడా ఎత్తాడు, ఆ చెయ్యి ఎవరిదో కనబడకపోయినా.

తప్పు జరిగింది మంచులో కాదు, మంచు విడిచాక. ఎండ పడగానే నా గుండె దడ తగ్గింది, కాలు బరువెక్కింది. థర్డ్‌లో వదిలి బ్రేకు మీద కాలు అలాగే పెట్టి దిగుతున్నాను. గట్టిగా తొక్కలేదు, ఊరికే ఆనించాను. టేకాకులు రోడ్డు మీద తడిసి పడి ఉన్నాయి, జారుతుందేమోనని ఇంకా వదల్లేదు. మూడు కిలోమీటర్లు అలా దిగాక ఏదో కాలిన వాసన. పాత బట్ట, ఇనుము కలిపి కాల్చినట్టు ఘాటుగా ఉంది.

"ఆపు పాపా. ముందర వెడల్పు చోటు జూసి ఆపు."

బ్రేకు తొక్కితే పెడల్ ఎప్పటికంటే లోపలికి పోయింది. బండి ఆగింది, కానీ ఆ కొంచెం ఎక్కువ లోపలికి పోవడం నా కడుపులో ఇంకా ఉంది. దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. పక్కన ఆగిన కారులో ఒకాయన మంచిమనసుతోనే నీళ్ళ బాటిల్ తెచ్చాడు. నాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అంత వేడి మీద చన్నీళ్ళు పోస్తే డిస్కు వంకరపోతుంది, పగలనూ వచ్చు. దానంతట అది చల్లారాలి. హ్యాండ్‌బ్రేకు కూడా వెయ్యనివ్వలేదు. వెనక చక్రాల్లో కాలిన డ్రమ్ము చల్లారి ముడుచుకుంటే లోపలి బ్రేకు షూలు పట్టేసుకుంటాయట. వాలు కిందికి ఉంది కాబట్టి రివర్స్ గేరులో వదిలి, ఇంజను ఆపి, ముందు చక్రానికి దిమ్మె పెట్టాం.

ముప్పావుగంట కూర్చున్నాం. నాయన ఒక పుల్లతో మట్టిలో గీసి చూపించాడు. బ్రేకు చేసేదల్లా బండి పరుగును వేడిగా మార్చడమే. ఆ వేడి పోవడానికి సందు ఇవ్వకపోతే ప్యాడ్లు పట్టు వదిలేస్తాయి. ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిలు మరిగి బుడగలొస్తాయి, బుడగను నొక్కితే నలుగుతుంది తప్ప తోయదు, పెడల్ నేలను తాకుతుంది. అందుకే దిగేటప్పుడు బండిని పట్టుకోవాల్సింది ఇంజను. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బండి వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. వదిలినంతసేపూ చక్రానికి గాలి తగులుతుంది. న్యూట్రల్ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దించేవాళ్ళున్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు ఊతమిచ్చే బూస్టరు రెండు మూడు తొక్కులకే ఖాళీ, పవర్ స్టీరింగు రాయి. అసలు గేరులో దిగితే కాలు తీసినప్పుడు ఇంజను పెట్రోలు తాగనే తాగదు. ఏం మిగిలిందని?

మిగతా ఘాట్ సెకండ్‌లో దిగాను. ఇంజను గట్టిగా అరుస్తుంటే మొదట భయమేసింది, ఏదో విరుగుతుందని. నాయన, "అరవనీ. అది కష్టం కాదు, పని" అన్నాడు. దోర్నాల చేరేసరికి చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి.

ఆత్మకూరు, వెలుగోడు మీదుగా నంద్యాల చేరి ఎనిమిదికే పడుకున్నాం.

మూడో రోజు: నంద్యాల – అహోబిలం – కడప

బండి ఎక్కే ముందు మెకానిక్ దగ్గర ముందు ప్యాడ్లు చూపించాం. ఇంకా మందం ఉంది. బ్రేకు ఆయిలు మాత్రం మార్పించాం, అది గాలిలోని తేమను పీల్చుకొని ఏళ్ళు గడిచేకొద్దీ త్వరగా మరుగుతుంది.

ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయి, దిగువ నుంచి ఎగువకు ఎక్కాం. చిన్న ఎక్కడమే. సెకండ్ గేరు, మలుపుకు ముందే. స్వామి దర్శనం, పులిహోర, కిందికి అదే గేరు. రాయడానికి ఇంతకంటే లేదు, అంత సాఫీగా జరిగినందుకు నాకెంత సంతోషమో మాత్రం రాయాలి.

చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోయే దారి బల్లపరుపు. ఈ నేలకు నీళ్ళు తెచ్చింది కేసీ (కర్నూలు–కడప) కాలువ, సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా మూడొందల పై చిలుకు కిలోమీటర్లు. అప్పట్లో పడవలు నడపాలని కూడా తవ్వారు. "నీళ్ళు మిట్ట ఎక్కవు, అందుకే వాలు జూసుకుంటా చుట్టూ తిరిగి వచ్చినాయి" అన్నాడు నాయన.

కడపలో మా చిన్నమ్మ ఇల్లు. చిన్నాయన సైన్యంలో లారీ డ్రైవరు, ఎక్కువ కాలం లడఖ్‌లో చేశాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు ముందు పెట్టుకొని షడ్డకులిద్దరూ కొండలు చెప్పుకుంటుంటే రాత్రి పదకొండయింది. నేను పలకలేదు, విన్నాను.

మంచు గడ్డ మీద సెకండ్ గేరులోనే బండి కదిలిస్తారట. ఫస్ట్ గేరు బలానికి చక్రం ఉన్నచోటే తిరిగి గోతి చేసుకుంటుంది. జారకుండా చుట్టే గొలుసులు ఇంజను తిప్పే చక్రాలకే కడతారు, మా వ్యాగనార్ అయితే ముందువాటికి. దిగేటప్పుడు గేరు నియమం అక్కడా అదే, కాకపోతే ఒక్కసారిగా కింది గేరులో పడేసి క్లచ్ వదిలితే చక్రం బిగిసి బండి పక్కకు తిరుగుతుంది. వేగం తగ్గించుకొని ఒక్కొక్క గేరే దించాలి, క్లచ్ నిదానంగా వదలాలి. తన రోజుల్లో డీజిల్ గడ్డకడితే ట్యాంకు కింద మంట పెట్టేవాళ్ళట. 2019లో ఇండియన్ ఆయిల్ సున్నాకు 33 డిగ్రీలు దిగువన కూడా పారే డీజిల్ లడఖ్‌కు తెచ్చింది. 2020లో మనాలి నుంచి లేహ్ పోయే తోవలో రోహతాంగ్ కనుమ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. "మేము తోలిన కష్టం ఇప్పటోళ్ళకు లేదులే, మంచిదే" అన్నాడు.

ఇంకో మాట చెప్పాడు. అక్కడ రాత్రి హ్యాండ్‌బ్రేకు వెయ్యరు. తడిసిన షూలు డ్రమ్ముకు అతుక్కొని గడ్డకట్టి, తెల్లారి బండి కదలదు. గేరులో పెట్టి చక్రాలకు దిమ్మెలు పెడతారు. నాయన లేచి పోయి డిక్కీలోంచి మన దిమ్మె తెచ్చి చూపించాడు. చిన్నాయన దాన్ని చేతిలో తిప్పి చూసి, అరిగిన అంచు బొటనవేలితో తడిమి, "ఒకటేనా అన్నా?" అన్నాడు.

నాలుగో రోజు: గువ్వలచెరువు ఘాట్, తిరుగు ప్రయాణం

కడప నుంచి రాయచోటి పోయే రోడ్డులో పాతిక కిలోమీటర్ల దూరాన గువ్వలచెరువు. పాలకొండల్లో మలుపులు, నల్లమలంత అడవి లేదు గానీ లారీలున్నాయి. కర్నూలు నుంచి చిత్తూరు పోయే జాతీయ రహదారి ఇది. ఈ ఘాట్ పేరు పేపర్లో చదివినప్పుడల్లా ప్రమాదం వార్తే.

ఎక్కేటప్పుడు బరువు లారీ వెనక పడ్డాం. అది మనిషి నడకంత మెల్లగా పోతోంది. ఫస్ట్ గేరులో వెనకే పోతున్నాను. దాటేయాలని చెయ్యి దురద పుట్టింది. నాయన, "వాడు ఆగితే వెనక్కి జారతాడు. నీకు వాడికి మధ్య ఒక బస్సు పట్టేంత ఖాళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. కొంచెం పైన ఒక లారీ చెడిపోయి ఆగి ఉంది, చక్రాల కింద బండరాళ్ళు. ఇంకా పైన లారీ లేదు, రాళ్ళు మాత్రం ఉన్నాయి. బాగైపోయాక రాళ్ళు అక్కడే వదిలి పోయాడు ఎవరో. నాయన కారాపించి, దిగి, రెండు రాళ్ళనూ కాలితో రోడ్డు పక్కకు దొర్లించాడు. రాత్రి మంచులో బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి ఎలా కనబడుతుంది? రాళ్ళు పెట్టే ప్రతి డ్రైవరూ తీసి పోతే చాలు.

పైన ఊళ్ళో రోడ్డుకు రెండు పక్కలా పాలకోవా అంగళ్ళు. పొయ్యి మీద పెద్ద బాణలిలో పాలు మరుగుతున్నాయి, ఒకామె పొడుగాటి గరిటెతో అడుగంటకుండా కలుపుతూనే ఉంది. వేడి వేడిగా ఆకులో పెట్టి ఇచ్చిన ముద్ద నోట్లో వేస్తే పొగ వాసన, ఆ తర్వాత తీపి. నాయనకు తినకూడదు. చిటికెడు నాలుక మీద పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. రెండు కేజీలు కట్టించాను, పిల్లలకు ఒకటి, బడిలో కొత్త టీచర్లకు ఒకటి.

దిగేటప్పుడు సెకండ్. ఇంజను అరిచింది, నేను అరవనిచ్చాను. మలుపుకు ముందు హారన్, ఒక గట్టి తొక్కు, వదలడం, మళ్ళీ ఇంజను. ఎదురుగా ఎక్కే ట్యాంకరుకు ఆగి దోవ ఇచ్చాను. వాసన రాలేదు. కింద చదునులోకి వచ్చాక కిటికీ దించి చక్రం వైపు ముక్కు పెట్టి చూశాను కూడా. నాయన ఏమీ అనలేదు. కడప పొలిమేరలో మాత్రం, "వైపర్ రబ్బర్లు మార్చల్ల. మంచుకు గీతలు పడతాండాయి" అన్నాడు.

చిన్నమ్మ ఇంట్లో అన్నం తిని, మధ్యాహ్నం బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు కర్నూలు చేరాం. నేను సామాన్లు దించుతుంటే నాయన దిమ్మె చేత పట్టుకొని మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు.

"ఈ చీకట్లో యాడికి నాయనా?"

"వడ్రంగి ఇంకా అంగడి కట్టేసి ఉండడు. ఇట్లాంటిదే ఇంకోటి చెయ్యమంటా. ఎక్కేతావు వెనక చక్రానికి, దిగేతావు ముందు చక్రానికి. రెండుండాల."